జబ్బు తగ్గింది, మనిషి లేవలేదు

తన కాళ్ళ మీద నడిచి ఆసుపత్రికి వెళ్ళిన తండ్రి మూడు వారాల తర్వాత చక్రాల కుర్చీలో ఇంటికొస్తాడు. న్యుమోనియా తగ్గింది. జ్వరం లేదు, ఎక్స్‌రే బాగుంది, డాక్టర్లు డిశ్చార్జి రాసేశారు. అయినా ఆయన మంచం మీంచి లేచి స్నానాల గది దాకా వెళ్ళలేడు. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. రాత్రయితే తానెక్కడున్నదీ తెలియనట్టు మాట్లాడతాడు. ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నయమైందన్నారు కదా, మరి ఈయనకేమైంది?

బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రి వార్డుల నుంచి ఇలా ఇల్లు చేరేవాళ్ళు తక్కువేం కాదు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున్న, 1962లో మొదలైన ఈ వైద్య కళాశాల దక్షిణ ఒడిశాకంతటికీ పెద్దాసుపత్రి. గంజాం, గజపతి, కంధమాల్, రాయగడ జిల్లాల రోగులతోపాటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి తెలుగువాళ్ళూ వస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా అటూ ఇటూ కలిపి ఒకటే గంజాం జిల్లా. రాష్ట్రాలు వేరైనా వియ్యాలూ, వైద్యాలూ వేరు కాలేదు.

ఈ ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. ఇక్కడి పిల్లలు చాలామంది ఊళ్ళో ఉండరు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్ళినవాళ్ళు లెక్కకు మిక్కిలి. 2020 మేలో లాక్‌డౌన్ వేళ వాళ్ళంతా తిరిగొస్తుంటే దేశమంతా చూసింది. మిగిలినవాళ్ళు భువనేశ్వర్‌లోనో, విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. కాబట్టి మంచం పక్కన కూర్చునే తోడు చాలాసార్లు ఒక్కరే: అమ్మో, కోడలో, సెలవు పెట్టి వచ్చిన కొడుకో. ఆ ఒక్కరు చేసే చిన్న చిన్న పనులు రోగి శరీరంలో ఏం మారుస్తాయో, ఏవి మార్చలేవో వైద్యశాస్త్రం ఇప్పుడు చాలావరకు చెప్పగలదు. తోడు మనిషంటే మందులు తెచ్చిపెట్టేవాడని మాత్రమే అనుకుంటే చికిత్సలో పెద్ద భాగం చేజారిపోతుంది.

మంచం కూడా జబ్బు చేస్తుంది

రోగి అంటే పడుకోవాలి, ఎంత కదలకుండా పడుకుంటే అంత త్వరగా కోలుకుంటాడు అన్నది పాత నమ్మకం. దీన్ని గట్టిగా ఎదిరించినవాడు రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు. మంచం మీద పడుకోబెట్టడంలోని ప్రమాదాల గురించి 1947లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ వైద్య విద్యార్థుల చేత చదివిస్తారు.

కొలిచి చూపించింది తర్వాతి తరం. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. వాళ్ళ శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని పిలిచి మళ్ళీ పరీక్షించారు. యాభై దాటిన ఆ మనుషుల్లో వయసు తెచ్చిన నష్టం కంటే, కుర్రతనంలో మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది.

అవి ఇరవై ఏళ్ళ గుండెలు. అరవై, డెబ్బై ఏళ్ళవాళ్ళ సంగతి? 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతులు పది రోజులు మంచం మీదే ఉన్నారు. జబ్బు లేదు, తిండికి లోటు లేదు. అయినా ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. ఇక నిజంగా జబ్బుపడి ఐసీయూలో ఉన్నవాళ్ళను లండన్ వైద్యులు అల్ట్రాసౌండ్‌తో పరీక్షిస్తే, పది రోజుల్లో తొడ ముందుభాగంలోని కండరం దాదాపు 18 శాతం సన్నబడింది. ఈ రెండో లెక్క 2013 నాటిది. ఒకటి కంటే ఎక్కువ అవయవాలు దెబ్బతిన్నవారిలో నష్టం ఇంకా ఎక్కువ.

కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, తూలినప్పుడు నిలదొక్కుకోవడం, అన్నీ ఆ తొడ కండరం పనులే. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చిన ఆ తండ్రి మొండికేసో, బద్ధకించో లేవకపోవడం లేదు. లేపాల్సిన కండే అక్కడ తగ్గిపోయింది.

కండ ఎటు పోతుంది?

కండరం రోజూ కొంత అరుగుతుంది, రోజూ కొంత కట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో రెండూ సరిసమానం. కండరం బరువు మోసినప్పుడల్లా, సాగినప్పుడల్లా దాని కణాలకు 'ఇంకా కట్టు' అనే కబురు అందుతుంది. పడుకుంటే ఆ కబురు ఆగిపోతుంది.

దానికి తోడు జబ్బు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రోగనిరోధక కణాలను తయారుచేయడానికి, గాయాలు మాన్పడానికి ప్రొటీన్ ముడిసరుకు కావాలి. నోటి నుంచి చాలినంత రాకపోతే శరీరం తన కండరాన్నే విప్పి వాడుకుంటుంది. కరువుకాలంలో రైతు ఇంట్లో ముందు గాదెలో తిండిగింజలు అయిపోతాయి, తర్వాత విత్తనాలకు దాచినవీ వండుకోక తప్పదు. ఆ పూటకు ప్రాణం నిలుస్తుంది, కానీ వచ్చే కారుకు చల్లడానికి ఏమీ మిగలదు. మూడు వారాల జ్వరం తర్వాత ముసలి శరీరం ఉండే స్థితి సరిగ్గా అది.

వయసు మీద పడినవాళ్ళకు ఇంకో చిక్కు. కుర్రవాడి కండరం కొంచెం ప్రొటీన్ అందినా కట్టుబడి మొదలుపెడుతుంది. పెద్దవాళ్ళ కండరం అంత తొందరగా స్పందించదు. ఒక్కో పూటా కాస్త ఎక్కువ ప్రొటీన్ కావాలి, పక్కనే కదలికా కావాలి. వట్టి తిండి చాలదు, తిండి లేని వ్యాయామమూ చాలదు.

నిలబడితే కళ్ళు ఎందుకు తిరుగుతాయి?

పడుకున్న మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మామూలుగా మెడ దగ్గరి రక్తనాళాల్లో ఉండే నరాలు దీన్ని క్షణంలో పసిగట్టి, కాళ్ళలోని నాళాలను బిగించి, గుండె వేగం పెంచి మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. వారాల తరబడి పడుకున్న శరీరంలో ఈ స్పందన మందగిస్తుంది, రక్తంలోని నీటి పాలూ తగ్గుతుంది. అందుకే మొదటిరోజు లేపితే కళ్ళు బైర్లు కమ్మి కూలబడతారు. ఇంట్లోవాళ్ళు భయపడి 'ఇక లేపొద్దు' అనుకుంటారు. దాంతో మరో వారం మంచం, ఇంకాస్త నీరసం.

ఊపిరితిత్తుల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. వెల్లకిలా పడుకుంటే పొట్ట పైకి నొక్కుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం పూర్తిగా తెరుచుకోదు, కఫం అక్కడే నిలుస్తుంది. నిటారుగా కూర్చోబెట్టడం ఒక్కటే ఎంతో తేడా చేస్తుంది. కాళ్ళలో రక్తం గుండెకు తిరిగి వెళ్ళాలంటే పిక్కలు కదిలి సిరలను పిండాలి. కదలని కాళ్ళలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు కాళ్ళు పట్టడం సేవలో మొదటిది. కానీ ఒక కాలు రెండోదానికంటే వాచి, వేడిగా, పిక్క నొప్పిగా ఉంటే దాన్ని పిసకకూడదు. లోపల గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. వెంటనే డ్యూటీ డాక్టరుకు చూపించాలి. ప్రేమతో చేసే పని ప్రాణం మీదకు తెచ్చే సందర్భాల్లో ఇదొకటి, అందుకే ప్రతి వార్డు గోడ మీదా రాసి పెట్టదగ్గది.

పెట్టెలో: మంచం అంచు నుంచి నిలబడేదాకా

డాక్టరో ఫిజియోథెరపిస్టో లేపవచ్చని చెప్పిన తర్వాతే ఇది. ముందు తలవైపు మంచం ఎత్తి, లేదా వీపు వెనక దిళ్ళు పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. తర్వాత పక్కకు తిప్పి, కాళ్ళు కిందికి దించి మంచం అంచున కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు ఆనాలి. అందకపోతే కింద పీట వెయ్యాలి. మడమలను పైకీ కిందికీ పది పదిహేనుసార్లు ఆడించమనాలి. దీంతో పిక్కలు పనిలో పడతాయి, రక్తం పైకి వస్తుంది. తల తిరగడం లేదంటే అప్పుడు నిలబెట్టాలి. చంకల కింద చేతులు పెట్టి లాగకూడదు, పక్షవాతం వచ్చినవాళ్ళలో భుజం కీలు జారుతుంది. నడుముకు కట్టిన పంచెనో తుండునో పట్టుకుని లేపాలి. యూరిన్ సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. మొహం పాలిపోయినా, చెమట పట్టినా, ఛాతీ నొప్పన్నా, ఆయాసమొచ్చినా వెంటనే పడుకోబెట్టి నర్సును పిలవాలి.

వీపు కింద జరిగే నష్టం

పడక పుండు చాలాసార్లు బయటి నుంచి పుట్టదు. త్రికం ఎముక, తుంటి, మడమ వంటి చోట్ల ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. కొన్ని గంటలు అలాగే ఉంటే లోపలి కణజాలం చచ్చుబడుతుంది. పైన చిన్న మచ్చ కనిపించేసరికి లోపల నష్టం పెద్దదై ఉండొచ్చు. రెండు గంటలకొకసారి పక్క మార్చమని చెప్పేది ఇందుకే.

పుస్తకాల్లో 'ఎర్రబడితే గమనించండి' అని ఉంటుంది. చామనఛాయ, నలుపు ఒళ్ళలో ఎరుపు సరిగ్గా కనిపించదు. చేత్తో తాకి చూడాలి: చుట్టుపక్కల కంటే ఆ చోటు వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా, ముట్టుకుంటే నొప్పంటున్నారా? వేలితో నొక్కి వదిలితే రంగు మారని మచ్చ ఉంటే నర్సుకు చూపించాలి. అలాంటిచోట స్పిరిటో నూనో పోసి గట్టిగా రుద్దితే నలిగిన నాళాలు ఇంకా చితుకుతాయి. నడుము కింద గాలి ట్యూబు పెట్టడమూ మేలు చేయదు; ట్యూబు అంచు చుట్టూ ఒత్తిడి పెరిగి మధ్యలోకి రక్తం రావడం తగ్గుతుంది. మడమలకు మాత్రం తేలికైన ఉపాయం ఉంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చేస్తే చాలు.

గంజాం తీరంలో ఎండాకాలపు ఉక్కకు పక్కబట్టలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. తడిసిన చర్మం తొందరగా చిట్లుతుంది. కింద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద ముడతలు లేకుండా నూలు దుప్పటి వేసి, అది తడిసినప్పుడల్లా మార్చడం వార్డులో నర్సు ఒక్కతే అందరికీ చేయగలిగిన పని కాదు. తోడున్నవాళ్ళ చేతిలో ఉన్న వైద్యం ఇది.

చారన్నం, రాగి జావ, కొబ్బరి బోండం

జబ్బుమనిషికి పథ్యం పెట్టడం మన అలవాటు. చారన్నం, బార్లీ నీళ్ళు, రాగి జావ. ఒడియా ఇళ్ళలో మండియా జావు. తేలిగ్గా అరుగుతాయి, వేసవిలో చలవ చేస్తాయి. మొదటి ఒకటి రెండు రోజులకు బాగానే ఉంటుంది. మూడు వారాలు అదే నడిస్తే?

జబ్బుపడిన పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక గ్లాసు జావలో పడేది రెండు చెంచాల రాగిపిండి. అందులో ప్రొటీన్ రెండు గ్రాములకు మించదు. కడుపు నిండుతుంది, కండకు ఏమీ అందదు. అదే ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు, వంద గ్రాముల చేపలో పద్దెనిమిది దాకా ఉంటాయి. గోపాలపూర్ తీరాన ఉన్న ఊళ్ళకు చేప కరువు కాదు. ముల్లు తీసి మెత్తగా ఉడికించిన చేప, చిక్కటి ముద్దపప్పు, పెరుగు, ఉడికించిన గుడ్డు, జావలోనే కలిపిన పాలు, వేరుశనగ పొడి. వీటిని మూడు పూటలకూ పంచి పెట్టడం మేలు.

పప్పు తింటే పుండు చీము పడుతుందన్న భయం మన వైపు చాలా ఇళ్ళలో ఉంది. చీము బ్యాక్టీరియాతో పడుతుంది. పుండు మానడానికి కొత్త కణజాలం అల్లుకోవాలి, దానికి ప్రొటీనే ముడిసరుకు. ఆపరేషనైన మనిషికి పప్పూ గుడ్డూ మాన్పించడమంటే గాయం మానకుండా చూడడమే.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళ లెక్క వేరు. బరంపురానికి దగ్గర్లోనే, సరిహద్దుకు అవతల, ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇంటింటినీ పీడిస్తోంది. అక్కడే కొబ్బరితోటలూ ఉన్నాయి. రోగిని చూడటానికి వచ్చే ప్రతివాళ్ళ చేతిలోనూ బోండం. ఒక బోండంలో ఐదారు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మామూలు మనిషికి అది మేలు. మూత్రపిండాలు బయటికి పంపలేని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. అలాంటివాళ్ళకు ప్రొటీన్ కూడా డయాలసిస్‌కు ముందు ఒక లెక్క, డయాలసిస్ మొదలయ్యాక ఇంకో లెక్క. ఇక్కడ డాక్టరు చీటీయే ప్రమాణం.

ఏం పెట్టామన్నది ఎంత ముఖ్యమో, ఎలా పెట్టామన్నదీ అంతే. పక్షవాతం వచ్చినవాళ్ళలో, చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మింగే కండరాలు నీరసించి ఉంటాయి. ముద్ద కంటే పల్చటి నీళ్ళే వాళ్ళకు ప్రమాదం. గొంతులో నిలవక గాలిగొట్టంలోకి జారిపోతాయి. పడుకోబెట్టి చెంచాతో పోస్తే మరీ తొందరగా జారతాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, కొంచెం కొంచెంగా తినిపించాలి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. తాగిన తర్వాత దగ్గు వచ్చినా, గొంతు బొంగురుపోయి గరగరలాడినా నోటి తిండి ఆపి డాక్టరుకు చెప్పాలి.

పళ్ళు తోమడం కూడా మందే. ఆసుపత్రి రోగుల నోటిలో చేరే క్రిములు లాలాజలంతో కలిసి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. 15 పరిశోధనల ఫలితాలను కలిపి 2023 చివర్లో ప్రచురించిన విశ్లేషణలో, రోజూ బ్రష్‌తో పళ్ళు తోమించినవాళ్ళలో ఆసుపత్రిలో వచ్చే న్యుమోనియా మూడో వంతు తక్కువగా కనిపించింది. అన్ని రకాల సిరప్పులూ కొని తెచ్చిన సంచిలో చాలాసార్లు బ్రష్ ఒక్కటే ఉండదు.

రాత్రివేళ పలవరింతలు

ఎప్పుడూ గట్టిగా మాట్లాడని తండ్రి అర్ధరాత్రి లేచి సెలైన్ సూది పీకేస్తాడు. చనిపోయిన అన్నగారు గుమ్మంలో నిలబడ్డాడంటాడు. పొద్దున్నకు మామూలుగా ఉంటాడు, సాయంత్రం మళ్ళీ మొదలు. ఇంట్లోవాళ్ళు దిష్టి అనుకుంటారు, మతి పోయిందనుకుని ఏడుస్తారు. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్ళు తగ్గడం, కొన్ని మందులు, నిద్రలేమి, నొప్పి, మలబద్ధకం, మూత్రం బిగియడం, ఇవన్నీ కలిసి మెదడు పనిని తాత్కాలికంగా అస్తవ్యస్తం చేస్తాయి. దానికి కారణం వెతికి చికిత్స చేయాలి. అందరిలో ఇది అరుపులతోనే రాదు. అలికిడి లేకుండా రోజంతా మగతగా పడి ఉండటమూ డెలీరియమే, దాన్ని 'హాయిగా నిద్రపోతున్నాడు' అనుకుని వదిలేస్తారు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనోయే అనే వైద్యురాలు 70 ఏళ్ళు దాటిన 852 మంది రోగులతో చేసిన అధ్యయనం 1999లో అచ్చయింది. కొత్త మందేదీ వాడలేదు. కళ్ళజోడు పెట్టించారు, వినికిడి యంత్రం అందించారు, నీళ్ళు తాగించారు, పగలు నడిపించారు, రాత్రి మాత్రలు లేకుండా నిద్రపుచ్చే ప్రయత్నం చేశారు, ఇవాళ ఏ వారం, ఎక్కడున్నారు అని రోజూ చెప్పారు. మామూలు వార్డుల్లో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇక్కడ 9.9 శాతానికే వచ్చింది.

ఆ పనులన్నీ అక్కడ శిక్షణ పొందిన కార్యకర్తలు చేశారు. ఇక్కడ చేయగలిగింది తోడున్నవాళ్ళే. ఆసుపత్రిలో పోతాయేమోనని కళ్ళజోడు, కట్టుడుపళ్ళు ఇంటికి పంపేస్తారు. సరిగ్గా అవే ఆయనకు కావాలి. కళ్ళజోడు లేని మనిషికి సెలైన్ స్టాండు కూడా మనిషిలాగే కనిపిస్తుంది. 'ఇది బరంపురం పెద్దాసుపత్రి నాన్నా, ఇవాళ గురువారం, ఊరి జాతర ఠాకురాణి యాత్ర అయి పది రోజులైంది' అని మామూలు గొంతుతో చెబుతుండాలి. చెప్పింది పదేపదే పరీక్షించి అడగక్కర్లేదు, తప్పు చెబితే వాదించక్కర్లేదు. నిద్రపట్టడం లేదని నిద్రమాత్ర రాయమని పట్టుబట్టడం కంటే పగటి కునుకు తగ్గించడం, రాత్రి పక్కన ఫోను మోగకుండా చూడటం మేలు. కొన్ని నిద్రమాత్రలు డెలీరియాన్ని పెంచుతాయి.

బరంపురం వార్డుల్లో ఒడియా, తెలుగు రెండూ వినిపిస్తాయి. ఊళ్ళో తెలుగువాళ్ళకు ఒడియా బాగానే వచ్చు. కానీ గందరగోళంలో ఉన్న మెదడుకు చిన్నప్పటి భాష తేలిక. రాత్రి డ్యూటీ నర్సు ఒడియాలో అడిగిన ప్రశ్నకు ఆయన తెలుగులో ఏదో అంటే, మతి ఉన్నదాని కంటే ఎక్కువ తప్పినట్టు కనిపించవచ్చు. ఇంట్లో ఆయన ఏ భాషలో మాట్లాడతారో, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో షిఫ్టు మారినప్పుడల్లా చెప్పడం అవసరం.

సూరత్‌లో ఉన్న కొడుకు ఏం చేయగలడు? అమెరికాలో ఐసీయూ రోగులు 30 మందితో చేసిన ఒక చిన్న ప్రయోగం 2017లో అచ్చయింది. కొందరికి తమ ఇంటివాళ్ళ గొంతులో రికార్డు చేసిన మాటలు, కొందరికి తెలియనివాళ్ళ గొంతులో అవే మాటలు వినిపించారు, మిగిలినవాళ్ళకు ఏమీ వినిపించలేదు. ఇంటివాళ్ళ గొంతు విన్నవాళ్ళు డెలీరియం లేకుండా గడిపిన రోజులు కాస్త ఎక్కువ. తేడా పెద్దది కాదు, ప్రయోగమూ చిన్నదే. కానీ ఖర్చు లేదు, హాని లేదు. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ దూరాన ఉన్న బిడ్డ పంపగలిగిన వాటిలో డబ్బు తర్వాత మొదటిది.

ప్రేమకూ ఒక హద్దుంది

ఇంతవరకు చదివినవాళ్ళకు కుటుంబమే అంతా చేసేయొచ్చనిపించవచ్చు. అది నిజం కాదని తేల్చిన పరిశోధన మన దేశంలోనే జరిగింది. పక్షవాతం వచ్చిన 1,250 మందిని 14 ఆసుపత్రుల్లో ఎంచుకుని, సగం మంది ఇళ్ళలో ఒకరికి వ్యాయామాలు చేయించడంలో శిక్షణ ఇచ్చి పంపారు. మిగిలిన సగం మందికి మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి రెండు వైపులా 47 శాతమే. అటెండ్ అనే పేరుతో 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఈ ఫలితం చాలామందిని నిరాశపరిచింది. కొడుకుకు నేర్పించిన నాలుగు కదలికలు ఫిజియోథెరపిస్టు స్థానం తీసుకోలేవు. ఇంట్లోవాళ్ళే చూసుకుంటారులే అని ప్రభుత్వాలు ఫిజియోల నియామకం వాయిదా వేసుకోవడానికి వీల్లేదని ఆ పరిశోధన చెబుతోంది.

తొందరా పనికిరాదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నడిపిస్తే త్వరగా కోలుకుంటారా అని ఐదు దేశాల్లో 2,104 మందితో పరీక్షించారు. 2015లో ఫలితాలొచ్చాయి. బాగా కోలుకున్నవాళ్ళు మామూలు వైద్యంలో 50 శాతం, తొందరపడ్డ జట్టులో 46 శాతం. మరోవైపు వెంటిలేటర్ మీద ఉన్న రోగులకు మత్తు తగ్గించి, నిపుణుల చేత రోజూ కదలికలు చేయించిన 2009 నాటి అధ్యయనంలో, ఇంటికెళ్ళేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళు 59 శాతం; అలా చేయించనివాళ్ళలో 35 శాతం. ఎప్పుడు, ఎంత అన్నది జబ్బును బట్టి మారుతుంది, నిర్ణయం నిపుణుడిది. తోడున్నవాళ్ళు చేయాల్సింది రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును అడగడం. ఇవాళ కూర్చోబెట్టవచ్చా? ఫిజియో ఎప్పుడొస్తారు? ఈ యూరిన్ పైపు ఇంకా అవసరమా? చివరి ప్రశ్న చిన్నదే గానీ, పైపు ఉన్నన్నాళ్ళూ ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, రోగి మంచానికి కట్టుబడిపోతాడు.

తోడున్నవాళ్ళ ఒళ్ళు

మతిమరుపు జబ్బున్న బంధువులకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న 13 మంది స్త్రీల చేతి మీద ఒహాయో పరిశోధకులు చిన్న గాయం చేసి, అది మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూశారు. అదే వయసులో సేవాభారం లేని 13 మందికి సగటున 39 రోజులు పడితే, వీళ్ళకు 49 రోజుల దాకా పట్టింది. 1995 నాటి మాట ఇది. ఎడతెగని ఒత్తిడి రోగనిరోధక కణాల పనిని నెమ్మదింపజేస్తుందని అప్పుడే కళ్ళకు కట్టింది. ఐసీయూ రోగుల కుటుంబాల్లో దిగులు, ఆందోళన, నిద్రలేమి నెలల తరబడి ఉంటాయని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి.

వరండాలో చాప పరుచుకుని నెలరోజులు గడిపే అమ్మ తన బీపీ మాత్ర తాను వేసుకుంటోందా అని అడిగేవాళ్ళు అరుదు. దూరాన ఉన్న పిల్లలు వంతులు వేసుకుని వస్తే మేలు. అందరూ మొదటి వారంలోనే వచ్చి, ఒకేసారి వెళ్ళిపోవడం మన దగ్గర జరిగే పొరపాటు. అసలు కష్టం మూడో వారం నుంచి, ఇంటికొచ్చిన మొదటి నెలలో ఉంటుంది.

పెట్టెలో: ఇంటికొచ్చిన మొదటి నెల

ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత కొన్ని వారాలు మనిషి పాత జబ్బుతోనే కాక కొత్తవాటితోనూ మళ్ళీ మంచాన పడే అవకాశం ఎక్కువ. నిద్రలేమి, బలహీనత, అర్ధాకలి అన్నీ కలిసి తెచ్చిన ఈ దశను అమెరికన్ వైద్యుడు హార్లాన్ క్రుమ్‌హోల్జ్ 2013లో ప్రత్యేకంగా వర్ణించాడు. అక్కడి వృద్ధుల్లో దాదాపు ఐదోవంతు మంది నెల తిరక్కుండానే మళ్ళీ ఆసుపత్రిలో చేరుతుండేవారు.

గంజాం పాత వీధుల్లో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ముందు అరుగు, దాని వెనక ఒకదాని తర్వాత ఒకటిగా గదులు, చివర పెరట్లో మరుగుదొడ్డి. మామూలు మనిషికి ఇరవై ముప్పై అడుగులు పెద్ద దూరం కాదు. కండ కరిగిన మనిషికి రాత్రిపూట నాలుగు గడపలు దాటడం గండమే. మంచం వెనక గదికి మార్చడం, గడపల దగ్గర దీపం, పట్టుకోవడానికి గోడకు కమ్మీ, కూర్చునే కమోడ్, జారని చెప్పులు. పాత మందుల డబ్బాలు, కొత్త చీటీ ఒకచోట పెట్టి, ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు పడటం లేదని చూసుకోవాలి.

ఎన్నాళ్ళు పడుతుంది?

కండ పోయినంత వేగంగా తిరిగి రాదు. తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యం నుంచి బతికి బయటపడిన 109 మందిని టొరంటో వైద్యులు ఐదేళ్ళ పాటు గమనిస్తూ వచ్చారు. వాళ్ళ మధ్యస్థ వయసు నలభైల్లోనే. ఐదేళ్ళ తర్వాత కూడా ఆరు నిమిషాల్లో వాళ్ళు నడవగలిగిన దూరం, ఆ వయసువాళ్ళు నడవాల్సిన దానిలో 76 శాతమే. కొవిడ్ రోజుల్లో వారాల తరబడి ఆక్సిజన్ మీద ఉండి వచ్చినవాళ్ళ ఇళ్ళకు ఈ నెమ్మదితనం బాగా తెలుసు.

అయితే తిరిగి వస్తుంది. దాన్ని కొలవడానికి ఇంట్లో ఒక కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, పక్కన ఒకరు నిలబడి ఉండగా, ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. 15 సెకన్లకు మించి పడితే కాళ్ళ బలం ఇంకా తక్కువగా ఉన్నట్టు లెక్క. మొదట్లో ఒక్కసారీ లేవలేకపోవచ్చు, చేతులతో ఆనుకుని లేవవచ్చు. ఆ లెక్కను, వారం వారం బరువును ఒక నోటు పుస్తకంలో రాసి రివ్యూకు తీసుకెళ్తే, ఓపీ గదిలో దొరికే ఐదు నిమిషాల్లో డాక్టరుకు 'కాస్త నయమండీ' అన్న మాట కంటే అది చాలా చెబుతుంది. రెండు వారాలైనా అంకె కదలకపోతే అడగాల్సినవి మూడే: తింటున్నది చాలుతోందా, ఫిజియో కావాలా, దిగులు పట్టుకుందా?